తెలివియు జ్ఞానమును

తెలివిగలవాడెల్ల జ్ఞానియగునా? మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని ఎట్లు విచారించిరో చూతము.

1905లో పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే, తియొడోర్ సిమోన్ అనువారు పిల్లల తెలివిని పరీక్షించు ప్రశ్నలను కూర్చిరి. బడిలో వెనుకబడిన బిడ్డలను గుర్తించి వారికి తగిన బోధ చేయవలెనన్నదే వారి ఉద్దేశము. తెలివి పెరుగనేరదను మాటను బినే 1909లో ఖండించెను. అయితే 1916లో లూయిస్ టెర్మన్ ఆ పరీక్షను సవరించి అమెరికాలో ప్రచురించిన పిమ్మట, అక్కడ అనేకులు దానిని పుట్టుకతో వచ్చి మారని తెలివికి కొలతగా ఎంచిరి. సహాయమునకై పుట్టినది తీర్పుగా మారెను.

1998లో రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ అను అమెరికా పండితుడు జ్ఞానమును వేరుగా నిర్వచించెను. తన మేలును, ఇతరుల మేలును, సమాజపు మేలును తూచి, అందరి క్షేమమునకై తెలివిని వాడుటయే జ్ఞానమని అతని వాదము. ఇందులో పొరుగువానికి చోటున్నది గనుక ఇది మెచ్చదగినదే.

కాని ఒక లోటు కలదు. మేలైనదేదో ఎరిగియు చేయలేని హృదయమునకు ఈ సిద్ధాంతము మందు చెప్పదు. సొలొమోను వివేకముగల హృదయమును అడిగి పొందెను; ఇద్దరు స్త్రీల వ్యాజ్యెమును న్యాయముగా తీర్చెను. అయినను వృద్ధాప్యమున అతని హృదయము అన్యదేవతల తట్టు తిరిగెను. తెలివి తరుగకయే భక్తి తరిగెను.

కాబట్టి తలిదండ్రులారా, పరీక్ష తప్పిన బిడ్డను మొద్దని పిలువకుడి. మొదటి తరగతిలో నెగ్గినవానిని అప్పుడే జ్ఞానియని పొగడకుడి. దైవభయమును పొరుగువాని ప్రేమయు ఇద్దరికిని కావలెను. వాటికొరకు ఇద్దరి నిమిత్తమును ప్రార్థించుడి.