పాత్ర నిర్ణయం – పాఠకుని ప్రశ్న – రచయిత జవాబు

1. పరిచయం

నవల చదివి ముగించిన పాఠకుడు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "ఆ పాత్ర అలా చేయడం న్యాయమేనా?" అన్నది. సంపర్క తరగతుల్లో మీలో చాలామంది అడిగేదీ ఇదే. ఉద్యోగం, కాపురం, పిల్లల మధ్య చదువు సాగిస్తున్న మీకు ఇది కేవలం పరీక్షకు సంబంధించిన ప్రశ్న కాదు. ఇల్లు విడిచి వెళ్ళిన నాయికను గురించి మాట్లాడేటప్పుడు మన ఇంటి గడప కూడా మన కళ్ళ ముందు మెదులుతుంది. కాబట్టి ఈ ప్రశ్నను "సాహిత్యేతరం" అని తోసిపుచ్చరాదు. అయితే జవాబును ఎక్కడ వెతకాలి? రచయిత వివరణలోనా, మన అభిప్రాయాల్లోనా, నవలలోనా? మూడు నవలల ఆధారంగా పరిశీలిద్దాం.

2. కథ చెబుతున్నది ఎవరు?

చలం 'మైదానం' 1927లో వెలువడింది. లాయరు భార్య రాజేశ్వరి ఇల్లు వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. దీని మీద మీరు రాసే జవాబులు ఎక్కువగా రెండు రకాలుగా ఉంటాయి. "చలం వివాహ వ్యవస్థను ఖండించారు కనుక ఆమె చేసింది ఒప్పు" అన్నది ఒకటి. "భారతీయ స్త్రీకి తగని పని కనుక తప్పు" అన్నది మరొకటి. ఈ రెండింటిలోనూ నవల కనిపించదు.

ఒక విషయం గమనించండి. ఈ కథను చెబుతున్నది రాజేశ్వరే. ఆమె భర్త ఎలాంటివాడో ఆమె నోటనే వింటాం. అమీర్‌ను కూడా ఆమె కళ్ళతోనే చూస్తాం. అంటే చలం మన చేతికి ఇచ్చింది తీర్పు కాదు, ఒక వాంగ్మూలం. ఆ వాంగ్మూలంలో సుఖమే కాదు, అమీర్ మనసు మరొక స్త్రీ మీదికి పోయినప్పటి బాధ కూడా ఉంది. తన నిర్ణయానికి తాను చెల్లించిన మూల్యాన్ని ఆమె దాచలేదు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా చెప్పే ఒప్పు గానీ తప్పు గానీ నిలవదు.

3. ప్రశ్న పాత్రకా, రచయితకా?

రంగనాయకమ్మ 'బలిపీఠం' ఆంధ్రప్రభ వారపత్రికలో ధారావాహికగా వచ్చి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. 1975లో చలనచిత్రంగా కూడా వచ్చింది. జబ్బుపడిన బ్రాహ్మణ వితంతువు అరుణ ముత్తైదువగా కన్నుమూయాలని కోరుకుంటుంది. ఆ కోరికను మన్నించి దళిత యువకుడు భాస్కర్ ఆమెను పెళ్ళి చేసుకుంటాడు. అయితే ఆమె బతుకుతుంది. ఆ తరువాత కాపురంలో కులం అడ్డుగోడగా నిలుస్తుంది.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీయాలి. "అరుణ అలా ఎందుకు ప్రవర్తించింది?" అన్నది పాత్రకు వేసే ప్రశ్న. జవాబు కథలోనే ఉంది. ఆమె పెళ్ళికి ఒప్పుకున్నది బతకడానికి కాదు, పసుపు కుంకుమలతో పోవడానికి. కులం మీద నమ్మకాన్ని వదులుకోవలసిన అవసరం ఆమెకు ఆనాడు కలగలేదు. "కులాంతర వివాహాన్ని పరీక్షించడానికి ఇలాంటి జంటనే ఎందుకు ఎంచుకున్నారు?" అన్నది రచయిత్రికి వేసే ప్రశ్న. కుల భావాన్ని మనస్ఫూర్తిగా వదులుకున్న ఇద్దరి కాపురం కాదు కనుక, ఈ వైఫల్యం కులాంతర వివాహాల వైఫల్యానికి రుజువు కాజాలదు. రెండో ప్రశ్నకు అరుణను నిందించడం జవాబు కాదు.

రంగనాయకమ్మ తన తొలి నవలలను తరువాతి ముద్రణల ముందుమాటల్లో తానే విమర్శించుకున్నారు. పాఠకుల ప్రశ్నను తనకు తాను వేసుకున్న ఈ నిజాయితీ మన సాహిత్యంలో అరుదు. అయినా రచయిత దృక్పథం మారినంత మాత్రాన అచ్చయిన పాత్ర మారదు. కనుక నవల చదివాకనే ముందుమాట చదవండి. దాన్ని తుది తీర్పుగా కాక, ఆ నవలను బాగా ఎరిగిన ఒక విమర్శకురాలి అభిప్రాయంగా స్వీకరించండి.

4. ఆలోచన కూడా నేరమేనా?

తార్నాక వైపు నుంచో అంబర్‌పేట వైపు నుంచో ఉస్మానియా ప్రాంగణాన్ని దాటే వారికి నవీన్ 'అంపశయ్య' (1969) పరిసరాలు పరిచితమే. పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పేద విద్యార్థి రవి ఒక్క రోజు జీవితమే ఈ నవల. చైతన్య స్రవంతి పద్ధతిలో సాగే ఈ కథలో పనుల కంటే ఆలోచనలు ఎక్కువ. డబ్బు దిగులు, ఆత్మన్యూనత, స్త్రీల గురించిన ఊహలు ఏదీ వడపోత లేకుండా బయటికి వస్తాయి. "ఇలాంటివాడు నాయకుడా?" అని పాఠకుడు అడుగుతాడు.

కానీ మనసులో మెదిలిన ప్రతి ఊహా నిర్ణయం కాదు. ఒక్క రోజు మన తలలో తిరిగినవన్నీ ఎవరైనా అచ్చువేస్తే మనలో ఎందరం మంచివాళ్ళుగా మిగులుతాం? ఈ పద్ధతి తీర్పరి స్థానంలో కూర్చున్న పాఠకుణ్ణి కూడా బోనెక్కిస్తుంది. నవీన్ ఈ విశ్వవిద్యాలయంలోనే చదివారు కనుక రవి ఊహలన్నింటినీ ఆయనకు అంటగట్టడం మరో పొరపాటు. అనుభవం రచయితదే కావచ్చు. అందులో ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎంచిన క్షణం నుంచి అది కల్పన.

5. సారాంశం

పాత్ర నైతికతను చర్చించేటప్పుడు మూడు విషయాలు చూడండి: కథ ఎవరి నోట వింటున్నాం, పాత్ర ముందు ఏ దారులు తెరిచి ఉన్నాయి, ఆ నిర్ణయానికి మూల్యం ఎవరు చెల్లించారు. వీటిని చూశాక పాత్రను తప్పు పట్టే హక్కు మీకు ఉంటుంది. రచయిత కాదన్నా మీ అభిప్రాయం మీద నిలబడవచ్చు. ఆధారం మాత్రం నవలలోంచే చూపాలి.

6. ఆలోచించి రాయండి

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవలలో తల్లి మీద లోకం వేసిన నింద దయానిధిని జీవితాంతం వెంటాడుతుంది. అతని నిర్ణయాలకు అతడెంతవరకు బాధ్యుడు, లోకం ఎంతవరకు బాధ్యత వహించాలి? రెండు సన్నివేశాల ఆధారంగా మీ మాటల్లో చర్చించండి.