పైపు నాడి

శ్రీశైలం టూరుకు బండి తీసేవాళ్లు టైర్లు చూసుకుంటారు, చైనుకు ఆయిల్ పెట్టిస్తారు, సైడ్ బ్యాగులకు వేలకు వేలు పోస్తారు. ముందు బ్రేకుకు పోయే రబ్బరు పైపు మాత్రం ఎవరి కంటా పడదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో మన్ననూరు దగ్గర అడవిలోకి దూరిన రోడ్డు దోమలపెంట, ఈగలపెంట దాటాక మెలికలు తిరుగుతూ కృష్ణ దగ్గరికి దిగుతుంది. వెనక మనిషి, సంచుల బరువు, వంపు వంపుకూ బ్రేకు. అక్కడ మన ప్రాణం ఆ చిటికెన వేలంత పైపులో ఉన్న బ్రేక్ ఆయిల్ మీదే ఉంటుంది.

పని తెలిసిన మెకానిక్ పానా ముట్టేది చాలా ఆలస్యంగా. ముందు గుడ్డతో పైపు మీది దుమ్ము తుడుస్తాడు. హ్యాండిల్‌ని ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి, పైపు ఎక్కడ గుంజుకుంటోందో, ఎక్కడ ఒరుసుకుంటోందో చూస్తాడు. టూర్ల కోసం హ్యాండిల్ ఎత్తు పెంచుకున్న బండ్లలో ఇది ముఖ్యం. హ్యాండిల్ పెరుగుతుంది, పైపు పెరగదు కదా! తర్వాత ఇనుప కాలర్ పక్కన రబ్బరును రెండు వేళ్లతో వంచుతాడు. మామూలుగా కనబడని పగుళ్లు వంచితే నోరు తెరుస్తాయి. నల్లగొండ వైపు వేసవిలో 45 డిగ్రీల ఎండకు నిలబడ్డ బండ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆఖరున కుర్రాడితో లివర్ పట్టిస్తాడు. "గట్టిగ పట్టు, ఇడువకు" అంటూ తను పైపు పొడవునా వేళ్లు జరుపుతాడు, వైద్యుడు నాడి చూసినట్టు. ఎక్కడ ఉబ్బినా వేలికి తెలిసిపోతుంది.

పైకి నిగనిగలాడుతూ లోపల చెడిన పైపును పట్టుకోవడమే అసలు విద్య. లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోతే, లివర్ నొక్కిన బలానికి ఆయిల్ ముందుకైతే పోతుంది గానీ వెనక్కి రాదు. లివర్ వదిలినా చక్రం బిగుసుకునే ఉంటుంది. తొందరపాటు మనిషైతే చక్రం దగ్గరి క్యాలిపర్ విప్పేస్తాడు. ఇతను మొదట పైన, లివర్ నొక్కే మాస్టర్ సిలిండర్ దగ్గరి బోల్టు కాస్త వదులు చేస్తాడు. చక్రం తిరిగితే తప్పు మాస్టర్ సిలిండర్‌ది. తిరగకపోతే కింద క్యాలిపర్ దగ్గరి బోల్టు వదులు చేస్తాడు. అప్పుడు తిరిగితే దొంగ పైపే. అప్పటికీ తిరగకపోతే క్యాలిపర్ పిస్టన్ పట్టేసినట్టు. ఒక్క సామానూ ఊడదీయకుండా, రెండు బోల్టులతో తేల్చేస్తాడు. ఇంత పొదుపైన తర్కం మన టీవీ చర్చల్లో కూడా దొరకదు.

పైపు మార్చే పనిలోనూ హడావిడి ఉండదు. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది కాబట్టి ట్యాంకు మీద తడిగుడ్డ, పక్కన బకెట్ నీళ్లు. బోల్టు ఎక్కే పైపు కొనకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లే. పాతవి ఒకసారి నలిగి గట్టిపడ్డాయి, మళ్లీ ఒదగవు. ఆ బోల్టు లోపల బోలు, బలం చూపిస్తే తెగుతుంది. కొందరు అడిగి మరీ స్టీలు జాలీ పైపులు వేయించుకుంటారు. లోపల టెఫ్లాన్ గొట్టం కాబట్టి అవి ఉబ్బవు, లివర్ గట్టిగా తగులుతుంది. కాకపోతే ఆ జాలీ తగిలిన చోటల్లా ప్లాస్టిక్కును కోసేస్తుంది. దారి సరిగా కట్టకపోతే దాని గొప్ప అంతటితో సరి.

ఎయిర్ తీయడం ఓపిక పని. లివర్ పట్టి ఉంచడం, క్యాలిపర్ మీది నిప్పల్ తెరవడం, మూశాకే లివర్ వదలడం. ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికే. పోసేది సీల్ తీయని డబ్బాలోదే. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కు దిగవచ్చు. ఘాట్‌లో కాగి కాగి బుడగలు పుడితే లివర్ మెత్తగా లోపలికి పోతుంది. యమహా మాన్యువళ్లు ఆయిల్‌ని రెండేళ్లకు, పైపును నాలుగేళ్లకు మార్చమంటాయి. మనవాళ్లు కారేదాకా ఆగుతారు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. దాని మాడ్యులేటర్‌లో గాలి చిక్కితే కొన్ని బండ్లకు స్కానర్ పెడితే గానీ రాదు. అలాంటి బండి వస్తే మంచి మెకానిక్, "ఇది నాతోని కాదు సార్, షోరూంకు తీస్కపోండి" అంటాడు. వచ్చిన బేరాన్ని అలా వదులుకోవడం కూడా ఆ పనితనంలో భాగమే అనిపిస్తుంది నాకు.

చివరగా జాయింట్లన్నీ నీళ్లతో కడిగి, తుడిచి, లివర్ గట్టిగా పట్టించి, ప్రతి బోల్టు చుట్టూ తెల్ల కాగితం ఆనిస్తాడు. కాగితం తడవకపోతేనే తాళంచెవి ఇస్తాడు.