పాపసంకీర్తనం: గుండె మీద చెయ్యి

పాపసంకీర్తనం కతోలిక శ్రీసభలోని ఏడు దివ్య సంస్కారాల్లో ఒకటి. జ్ఞానస్నానం తర్వాత చేసిన పాపాలను గురువు ఎదుట చెప్పుకుని దేవుని క్షమాపణ పొందడం ఇందులో జరుగుతుంది. విశ్వాసి వంతు పనులు మూడని త్రెంతు మహాసభ 1551లో తేల్చింది: మనస్తాపం, పాపాలు ఒప్పుకోవడం, ప్రాయశ్చిత్తం.

తొలి శతాబ్దాల్లో ఘోర పాపాలకు అందరి ఎదుట ప్రాయశ్చిత్తం చేయాల్సి వచ్చేది. ఆ అవకాశం జీవితంలో ఒక్కసారే కాబట్టి చాలామంది చావు దగ్గరపడే దాకా ఆగేవారు. ఏకాంతంలో, ఎన్నిసార్లయినా చెప్పుకునే పద్ధతిని ఆరో శతాబ్దం చివరి నుంచి ఐర్లాండ్ మఠవాసులు మిగతా ఐరోపాకు తెచ్చారు. కనీసం ఏడాదికొకసారి చెప్పుకుని తీరాలని 1215లో నాలుగో లాతెరాను మహాసభ నియమం పెట్టింది.

నోరు తెరవకముందే అసలు పని మొదలవుతుంది. అదే ఆత్మ పరిశీలన. దీనికి పక్కా పద్ధతి ఏర్పరచినవాడు లొయోలా ఇగ్నేషియస్. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు దెబ్బకు కాలు విరిగి మంచాన పడ్డప్పుడే ఈ సైనికుడి మనసు మలుపు తిరిగింది. 1548లో పోపు ఆమోదం పొందిన ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’ గ్రంథం, వదిలించుకోవాల్సిన తప్పును ఒక్కటంటే ఒక్కదాన్నే ఎంచుకోమంటుంది. పొద్దున లేస్తూనే దాన్ని తలుచుకోవాలి. మధ్యాహ్న భోజనం తర్వాత, లేచినప్పటి నుంచి గంట గంటకూ లెక్క చూసుకుని, ఎన్నిసార్లు జారితే అన్ని చుక్కలు ఒక గీత మీద పెట్టాలి. రాత్రి భోజనమయ్యాక రెండో గీత మీద మళ్లీ అంతే. తర్వాత ఆ గీతలను, నిన్నటినీ నేటినీ, పోయిన వారాన్నీ ఈ వారాన్నీ పోల్చుకోవాలి. తప్పు జరిగిన ప్రతిసారీ గుండె మీద చెయ్యి వేసుకోవాలన్నది మరో సూచన. పదిమందిలో ఉన్నా ఎవరి కంటా పడకుండా చేయగలిగిన పని అది. ‘గుండె మీద చెయ్యేసుకుని చెప్పు’ అనే తెలుగువాడికి ఆ చేష్ట అర్థం ఎవరూ విడమరచనక్కర్లేదు.

మనస్తాపమంటే కన్నీళ్లే కానక్కర్లేదు. చేసిన పాపం మీద నొప్పి, రోత, ఇక చేయనన్న నిశ్చయం కలిస్తేనే మనస్తాపమని త్రెంతు నిర్వచనం. శిక్ష భయంతో పుట్టిన పశ్చాత్తాపాన్ని అది తోసిపుచ్చలేదు, కానీ దేవుని మీది ప్రేమతో పుట్టినదాన్నే ఉత్తమమంది. మనిషి బలహీనత ఎరిగిన తీర్పు ఇది.

ఒప్పుకోవడంలో చావైన పాపాలను, అంటే ఆత్మకు చావు తెచ్చే ఘోర పాపాలను, ఏ రకమో, ఎన్నిసార్లో కూడా చెప్పాలి. కఠినంగా కనిపించే ఈ నియమంలోనే చిత్తశుద్ధికి పరీక్ష ఉంది. ‘ఏదో మాట జారాను’ అని దాటేయడం తేలిక. ‘ఆస్తి కోసం తమ్ముడి మీద మూడుసార్లు అబద్ధపు నింద వేశాను’ అనడానికి గొంతు పెగలదు. అలా పెగలడం కోసమే విన్న గురువుకు మౌనముద్ర ఉంది. ప్రాణం మీదికొచ్చినా ఆ రహస్యాన్ని ఆయన బయటపెట్టకూడదు. నేరుగా బయటపెడితే శ్రీసభ నుంచి వెలి.

క్షమాపణ దొరికినంత మాత్రాన చెడిన లెక్క సరికాదు. దొంగిలించిన సొమ్ము తిరిగివ్వాలి, చెడగొట్టిన పేరును చేతనైనంత నిలబెట్టాలి. తమ్ముడి మీద వేసిన నింద విన్నవాళ్ల దగ్గరికే వెళ్లి అది అబద్ధమని చెప్పాలి. గురువు విధించే జపమో ఉపవాసమో దానధర్మమో దీనికి తోడు.

ఆ ప్రాయశ్చిత్త భారాన్ని పంచుకున్న గురువులూ ఉన్నారు. ఫ్రాన్సులోని ఆర్స్ సుమారు 230 మంది ఉన్న పల్లె. 1818లో అక్కడికొచ్చిన జాన్ మేరీ వియాన్నీ దగ్గర చెప్పుకోవడానికి దూరాభారాలు లెక్కచేయక జనం వచ్చేవారు. రోజుకు పదహారు గంటల దాకా ఆయన పాపసంకీర్తనాలు వింటూనే గడిపేవాడు. వచ్చినవాళ్లకు చిన్న ప్రాయశ్చిత్తమే ఇచ్చి, మిగిలింది వాళ్ల బదులు తానే చేసేవాడు.