నటదర్శకుడుగా రామారావు: 'సీతారామ కళ్యాణం'

శ్రీనాథుని కృతులలో శృంగారనైషధము మేలా, కాశీఖండము మేలా యను వాదము మన తరగతి గదులలో నేటికిని వినబడుచునే యున్నది. ఒక కర్త రచించిన పెక్కు కృతులలో నొక్కదాని నెన్నుకొనుటవలన ఆ కృతికి కలుగు లాభమేమియు లేదు. ఎన్నుకొనువాని తూనికరాళ్ళు మాత్రము బయటపడును. నందమూరి తారక రామారావు స్వయముగా దర్శకత్వము వహించిన చిత్రములలో ఏది శ్రేష్ఠము అను ప్రశ్నను నేనీ యుద్దేశముతోనే చేపట్టుచున్నాను. నా సమాధానము 1961 జనవరిలో విడుదలైన 'సీతారామ కళ్యాణం'. ఇది యెల్లరు నంగీకరించు సమాధానము కాదని యెఱుగుదును. పదిమంది నడిగినచో తొమ్మండుగురు 1977 నాటి 'దానవీరశూరకర్ణ' పేరు చెప్పుదురు. ఇరువదియేండ్ల క్రిందట నన్నడిగినను నేనును ఆ మాటయే చెప్పియుందును.

రామారావు 1949లో 'మన దేశం' చిత్రముతో నటుడుగా వెండితెర కెక్కెను. పండ్రెండేండ్లు నటించిన పిమ్మట దర్శకత్వము చేపట్టి, 1992 నాటి 'సామ్రాట్ అశోక్' వఱకు అడపాదడపా ఆ బాధ్యతను వహించుచునే యుండెను. ఈ ముప్పదియేండ్ల కృషిలో 'గులేబకావళి కథ' (1962) వంటి జానపదములు గలవు, 'వరకట్నం', 'తాతమ్మ కల' (1974) వంటి సాంఘికములు గలవు. సాంఘికములందు ఆయన చెప్పదలచినది పాత్రల నోట సూటిగా చెప్పించెను. అవి సదుద్దేశముతో కూడినవి యనుటకు మించి వానిని గూర్చి నేను చెప్పదగినది లేదు. ఆయన ప్రతిభ పౌరాణికములయందే గలదు. కావున పోటీ వాని నడుమనే.

ముందుగా 'దానవీరశూరకర్ణ'ను పరిశీలింతము. కర్ణుడు, సుయోధనుడు, శ్రీకృష్ణుడు, ఈ మూడు పాత్రలను తానే ధరించి, తానే నిర్మించి, దర్శకత్వము వహించి, దాదాపు నాలుగు గంటల చిత్రమును రామారావు 1977 సంక్రాంతికి ప్రేక్షకుల ముందుంచెను. కొండవీటి వేంకటకవి వ్రాసిన సంభాషణలు రికార్డులుగాను, కేసెట్లుగాను పల్లెపల్లెకు ప్రాకినవి. దీర్ఘసమాసములతో గూడిన ఆ వాక్యములను అక్షరజ్ఞానము లేనివారు సైతము తడుముకొనక అప్పగించుట నేను చెవులార విన్నాను. మయసభలో పరాభవము పొందిన సుయోధనుని స్వగతము, అస్త్రవిద్యా ప్రదర్శనమున కర్ణుని కులము నడిగినవారికి అతడు చెప్పిన సమాధానము, ఈ రెండును తెలుగు వాచికాభినయమునకు శిఖరములనుటలో సందేహము లేదు. తెలుగు సమాసమునకు సామాన్యుని నాలుకపై అంతటి గౌరవమును ఇటీవలి కావ్యమేదియు తెచ్చిపెట్టలేదు.

అయినను ఒక చిక్కు కలదు. చిత్రము కర్ణుని పేర వెలసినది. చూచి వచ్చినవాని మనస్సున నిలుచువాడు సుయోధనుడు. భాసుడు 'ఊరుభంగము'న సుయోధనుని, 'కర్ణభారము'న కర్ణుని వేఱువేఱుగా నాయకులను చేసెను. ఎవరి బరువు వారికి తగినంత చోటు వేఱుగా కల్పించెను. ఇచట ఇద్దఱు నొక్కని ముఖముతోనే పోటీపడుట తటస్థించినది. నటుడుగా రామారావునకు సుయోధనునిపై గల మక్కువ దర్శకుడైన రామారావునకు తెలియును. తెలిసియు దానిని అదుపున నుంచలేదు. భానుమతీ సుయోధనుల యుగళగీతము దీనికి చిన్న నిదర్శనము. పాట యింపైనదే. కర్ణుని కథకు దానివలన ఒరిగినదేమి?

ఇచట మన యలవాటును గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. తెలుగు శాఖలలో చలనచిత్ర విమర్శకు పూనుకొన్న మనమందఱము సాహిత్య విద్యార్థులము. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని అభినయము నాలుగు తెఱగులని పాఠము చెప్పుదుము గాని, చిత్రమును మాత్రము చెవితోనే చూతుము. సంభాషణ గొప్పదైనచో చిత్రమును గొప్పదనుచున్నాము. 'దానవీరశూరకర్ణ'ను కన్నులు మూసికొని విన్నను దాని సారమున ముప్పాతిక వంతు దక్కును. ఇది ఆ చిత్రమునకు ప్రశంసయు నగును, అభ్యంతరమును అగును. నా తొలి యభిప్రాయము ఇట్లు చెవిమీద నాధారపడినదే.

'శ్రీకృష్ణ పాండవీయం' (1966) నన్ను చాల దినములు తటపటాయింపజేసెను. అందును కృష్ణుడు, సుయోధనుడు రెండును ఆయనయే. కాని ఆ చిత్రమునకు ఇరుసు వంటివాడు ధూళిపాళ ధరించిన శకుని. చెఱసాలలో తనవారందఱు నశింపగా తండ్రి యెముకలతో పాచికలు చేయించుకొని పగ సాధించు శకుని కథ వ్యాసభారతమున లేనిది, కవిత్రయ భారతమునను కానరానిది. జనశ్రుతినుండి దానిని గైకొని, సుయోధనుని ప్రక్కన నవ్వుచు నిలిచిన వానియందే సుయోధనుని వినాశమును దాచియుంచుట దర్శకుని వివేకము. తాను రెండు పాత్రలు ధరించిన చిత్రమున మూడవవానికి మేటిచోటు నిచ్చిన రామారావును నేను మెచ్చుకొందును. అయితే లక్కయిల్లు, హిడింబి, బకాసురుడు, రుక్మిణి, జరాసంధుడు, శిశుపాలుడు ఇట్లు ఘట్టముపై ఘట్టము వచ్చిపడుటచే చిత్రము కథల మూటగా పరిణమించినది. ప్రతి మూటలోను మంచి సరకే కలదు గాని, ముడి యొక్కటి కాదు.

'సీతారామ కళ్యాణం'లో ముడి యొక్కటియే.

రామారావు అంతకుముందే 'మాయాబజార్' (1957)లో శ్రీకృష్ణుడుగా జనుల హృదయములలో స్థిరపడినవాడు. 'భూకైలాస్' (1958)లో రావణుని పాత్రను ఒక తూరి ధరించినవాడు. రామకథను చిత్రముగా తీయబూనినపుడు తాను రాముని వేషము వేయక రావణుని కోరుకొనెను. తొలుత దర్శకత్వమునకు అనుకొన్న కె.వి.రెడ్డి, రామారావును రావణుడుగా ఊహింపజాలక తప్పుకొనెననియు, అందుచేతనే ఆయన స్వయముగా దర్శకుడయ్యెననియు చిత్రసీమలో చెప్పుకొనుట కలదు. ఎట్లయినను రాముని పాత్ర హరనాథునకు, సీత పాత్ర గీతాంజలికి, లక్ష్మణుని పాత్ర శోభన్‌బాబునకు లభించినవి. ముప్పదియేడేండ్ల వయస్సున, ప్రభ వెలుగుచున్న దినములలో, కథానాయకుని వేషమును మఱియొకని కిచ్చుట సామాన్యమైన నిర్ణయము కాదు. పదునేడేండ్లకు, 1978లో, 'శ్రీరామ పట్టాభిషేకం' తీసినపుడు రాముడును తానే, రావణుడును తానే యయ్యెను. ఈ రెండు చిత్రములను ఒక దినమున వెంటవెంట చూచినవారికి నా వాదము సగము వ్యాఖ్యానము లేకయే తెలియును.

సముద్రాల రాఘవాచార్యులు సంభాషణలు వ్రాసిన ఈ చిత్రముయొక్క కథకు మూలము బాలకాండ మొక్కటియే కాదు. రావణుని పూర్వకథ యుత్తరకాండమునందలిది. తిక్కన నిర్వచనోత్తర రామాయణమునను, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమునను చదివిన కైలాసోత్పాటన, నందిశాపములు ఇచట తొలిభాగమునకే వచ్చి చేరినవి. వాల్మీకి బాలకాండమున రావణుడు మిథిలకు రాడు. అతనిని ధనుస్సు ముందు నిలిపినవారు నాటకకర్తలు. రాజశేఖరుని 'బాలరామాయణము'నను, జయదేవుని 'ప్రసన్నరాఘవము'నను రావణుడు సీతను గోరి మిథిలకు వచ్చును. కావున ఈ చిత్రకథ మార్గము కావ్యమార్గము కంటె నాటకమార్గమునకు దగ్గఱ. ఈ విషయము మన పరిశోధకులు పట్టించుకొనినట్లు కనబడదు. పౌరాణిక చిత్రమనగానే మూలమునకు విధేయమా, విరుద్ధమా యని తూచి ఊరకుందుము. ఏ మూలమునకు అను ప్రశ్న వేయము.

ఈ కూర్పువలన కలిగిన ప్రయోజనమేమి? ఒక వైపు రావణుని ఔద్ధత్యము, ఒక వైపు రాముని బాల్యము, ఈ రెండు ధారలు శివధనుస్సు కడ కలిసికొనును. చిత్రముయొక్క పూర్వభాగమున రావణుడు శివుని కొండను పెకలింపబూనుటను దర్శకుడు మనకు తీరికగా చూపినాడు. శివుని మెప్పించుటకై తన దేహమందలి తంత్రులతోనే వీణ మీటుటను, ఘంటసాల కంఠమున గాలి పెంచల నరసింహారావు బాణీ సాగుచుండగా చూపినాడు. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్‌కు ఇది తొలిచిత్రము. కంప్యూటరు లేని దినములలో కెమెరాలోనే సాధించిన ఆ మాయలను నేటి బాలురు చూచి నవ్వవచ్చును. నవ్విన పిమ్మటనైనను దశకంఠుని ముఖములవంక చూచుట మానరు. ఇంతటి బలమును, ఇంతటి భక్తిని కన్నులార చూచిన ప్రేక్షకుడు మిథిలకు వచ్చును. శివుని కొండను కదల్చిన చేతులకు శివుని విల్లు లొంగదు.

ఈ యోటమిని బోధపఱచుటకు సంభాషణ యక్కఱలేదు. కొండను మనము చూచితిమి, ఇపుడు విల్లును చూచుచున్నాము. రెండు దృశ్యముల నడుమ అర్థము తానై పుట్టినది. చలనచిత్రమునకు మాత్రమే సాధ్యమైన వాక్యమిది. వేంకటకవి వాక్యములంత గొప్పగా నేనీ వాక్యమును భావించుచున్నాను, ఒకింత ఎక్కువగాను.

శత్రువుయొక్క వంశమును, శౌర్యమును, విద్యను వర్ణించి, అట్టివానిని గెలిచినవాడని చెప్పుటచేత నాయకునకు ఉత్కర్ష కలుగునని దండి కావ్యాదర్శమున నంగీకరించెను. భామహుడు దీనికి సుముఖుడు కాడు. సగమువఱకు రావణుని ప్రశంసించి, పిదప రామునివైపు తిరుగు ఈ చిత్రము దండి పక్షమునకు మంచి లక్ష్యము. ప్రతినాయకుడు పెఱిగినకొలది రాముని నిశ్చలత పెఱుగును. హరనాథుని రాముడు మెత్తనివాడు, మాటకారి కాడు. ఇతడు బలహీనుడని నిందించినవారు కలరు. రావణుని అట్టహాసమున కెదురుగా మఱియొక అట్టహాసము నిలిపియున్నచో విల్లు విఱుగుట రెండు బలముల పోటీగా దిగజారియుండెడిది.

రావణుడు రామునికంటె మిన్నగా ప్రకాశించుచున్నాడు గదా, సుయోధనుడు కర్ణుని మ్రింగుటకును దీనికిని భేదమేమి అని ఎవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. భేదము చిత్రాంతమున కలదు. సుయోధనుడు తుదివఱకు తెరను విడువడు. రావణుడు ఇచట విడిచిపెట్టును. చిత్రమునకు పేరు తెచ్చిన కల్యాణఘట్టమున అతనికి చోటు లేదు. ప్రేక్షకులు ఎవరిని చూచుటకు టిక్కెట్టు కొని వచ్చిరో ఆ నటుని ప్రక్కకు తప్పించి, పందిరిని సీతారాములకును, ఆ ఘట్టమునందలి పాటను సుశీల కంఠమునకును అప్పగించినవాడు దర్శకుడైన రామారావు. ఆ పాట నేటికిని శ్రీరామనవమి పందిళ్ళలోను, పెండ్లి పందిళ్ళలోను వినబడుచునే యున్నది. అది యొక రావణుని చిత్రములోనిది యని వినువారిలో పెక్కుమందికి తెలియదు.

దోషములు లేకపోలేదు. నృత్యములు నిడివి మించినవి. రాముని బాల్యము గోడపటమువలె కదలక మెదలక యుండును. విశ్వామిత్రుడైన గుమ్మడి వచ్చుదాక ఆ ధారకు ప్రాణము లేదు. బి.సరోజాదేవి వంటి నటి మండోదరిగా నుండగా ఆమెకు తగిన సన్నివేశములు మఱి కొన్ని కల్పించియుండవచ్చును. కాంతారావు నారదుడు సన్నివేశమునకు వన్నె తెచ్చునే గాని, రాకపోకలు కొంత హెచ్చు. వీని నన్నిటిని లెక్కించిన పిమ్మటను నా యెన్నిక మాఱలేదు.

గత సంవత్సరము స్నాతకోత్తర విద్యార్థులకు ఈ చిత్రమును తరగతిలో ప్రదర్శించితిమి. ముగిసిన పిదప వెనుక వరుసనుండి ఒక బాలిక లేచి, "అయ్యా, మొదట పేర్లు వేసినపుడు దర్శకుని పేరు నాకు కనబడలేదు, మరల ఒకమాఱు వేయుదురా?" అని యడిగెను. మరల వేసితిమి. పేర్లు వరుసగా వచ్చినవి, పోయినవి. రామారావు ఆ చిత్రమున దర్శకుని పేరు వేయించలేదని ఆమెకు చెప్పితిని. "మఱి ఆ పేరెచట వ్రాయవలెను?" అని తన పుస్తకమువంక చూచుచు ఆమె యడిగినది. వ్రాసికొనుమంటిని.