రెనాన్ వ్రాసిన అక్క చరిత్ర

1862 వ సంవత్సరమున పారిసు నగరములో ఒక చిన్న పుస్తకము అచ్చుపడినది. ప్రతులు నూరు మాత్రమే. అవి యంగళ్ళకు పోలేదు. చనిపోయిన యొక స్త్రీని ఆమె బ్రదికియుండగా నెరిగినవారికి మాత్రమే పంచిపెట్టబడినవి. ఆ స్త్రీ పేరు హెన్రియెట్ రెనాన్. వ్రాసినవాడు ఆమె తమ్ముడు ఎర్నెస్ట్ రెనాన్. మరుసటి యేట, అనగా 1863 లో, 'యేసు జీవితము' అను గ్రంథమును ప్రకటించి యూరపు మతాధికారుల నెల్ల కలవరపెట్టిన పండితుడు ఈతడే. ఆ గ్రంథమును అతడు తన యక్క యాత్మకే యంకిత మిచ్చెను. కాని యక్కను గూర్చిన పుస్తకమును మాత్రము తాను బ్రదికియున్నంత కాలము బజారున బెట్టనీయలేదు. 1883 లో తన బాల్యయౌవన స్మృతులను వేరొక గ్రంథముగా ప్రకటించినప్పుడు సైతము ఆమె కథను అందు చేర్చుటకు అతని మనసొప్పలేదు. 1892 లో అతడు గతించెను. 1895 లో ఆ పుస్తకము 'నా సోదరి హెన్రియెట్' అను పేర లోకమునకు వచ్చినది.

పుస్తకము ఒక్క పూటలో ముగియును. తోబుట్టువుల ప్రేమను గూర్చి ఇంతకంటె ఆర్ద్రముగా వ్రాసిన పుటలను నేను చదివియుండలేదు. అయినను రెండవమారు చదివినపుడు నాకొక సందేహము పుట్టినది. ఇది అక్క కథయా, లేక అక్కవలన తమ్ముడు పొందిన మేలుల కథయా? ఈ భేదము చిన్నది కాదు. తమ్ములను చదివించి, చెల్లెండ్ర పెండ్లిండ్లకు కూడబెట్టి, తాము మిగిలిపోయిన అక్కలు మన యిండ్లలోను కలరు. వారిని గూర్చి మనమును ఈ తీరుననే చెప్పుకొందుము. "ఆమె మా కోసమే పుట్టినది" అందుము. అనిన పిమ్మట ఆమెను గూర్చి తెలిసికొనవలసినది మరేమియు లేనట్లు ఊరకుందుము. కావున ఇంత ప్రేమగల తమ్ముడు ఎచ్చట చూడగలిగినాడో, ఎచ్చట చూడలేకపోయినాడో పరిశీలించుట నిష్ఫలము గాదని తలంచుచున్నాను.

ఫ్రాన్సు దేశపు పడమటి కొననున్న బ్రిటనీ సీమలో త్రెగియే అను చిన్న యూరు కలదు. పురాతనమైన పెద్ద దేవాలయము, సముద్రపు పోటు లోపలికి వచ్చు ఏరు, మతాచార్యులు, నావికులు — ఇదియే ఆ కాలమున ఆ యూరి ప్రపంచము. రెనాన్ తండ్రి ఓడ నాయకుడు, సాధువు, వ్యాపారపు లెక్కలు చేతగానివాడు. హెన్రియెట్ 1811 లో పుట్టినది. ఎర్నెస్ట్ 1823 లో. 1828 లో తండ్రి నడపిన యోడ రేవునకు తిరిగివచ్చెను గాని దానియందు తండ్రి లేడు. కొన్నాళ్ళకు దేహము ఒకచోట సముద్రపుటొడ్డున ఇసుకలో దొరకెను. ఎట్లు మరణించెనో ఎవరికిని తెలియలేదు. ఇంటికి మిగిలినవి అప్పులు. అప్పుడు అక్కకు పదునేడేండ్లు, తమ్మునికి అయిదు.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. తమ్ముడు పుట్టునప్పటికే అక్కకు పండ్రెండేండ్లు. ఆమె బొమ్మలతో ఆడుకొన్న దినములను అతడెరుగడు. పుస్తకమున ఆమె బాల్యమును గూర్చి యున్న మాటలు పెద్దలు చెప్పగా విన్నవియే కావలెను. అవి చక్కనివే గాని యందు ఊపిరి తక్కువ. అతడు స్వయముగా చూచినది ఆమె యౌవనము. అదియును అయిదారేండ్ల పిల్లవాని కన్నులతో. కావుననే ఆ పుటలలో మొట్టమొదట ప్రాణము వచ్చునది ఒక చలికాలపు రాత్రి ప్రసంగమున. అక్క తమ్ముని తన నిలువుటంగీ క్రింద దాచుకొని దేవాలయమునకు తీసికొనిపోయెడిది. నలువైపుల ఆ యంగీ మాటున, క్రింద మంచును త్రొక్కుచు పోవుట ఆ పిల్లవానికి గొప్ప వేడుక. నలువది యేండ్లకు సమీపించిన పండితుడు ఆ వేడుకను ఏమాత్రము వన్నె తగ్గకుండ చెప్పినాడు. చదువరికి తన బాల్యము జ్ఞప్తికి రాక మానదు.

కాని అంగీ క్రింద దాగిన పిల్లవానికి దాని వెచ్చదనము తెలియునే గాని, దానిని తొడిగినదాని ముఖము కనబడదు. ఆ దినములలోనే ఆమె సన్యాసినుల మఠమున చేరవలెనను కోరికతో పెనుగులాడుచుండెనని పుస్తకమే చెప్పుచున్నది. తల్లిని, తమ్ముని విడువలేక ఆ కోరికను చంపుకొనెను. అనగా తమ్ముడు మంచులో ఆడుచు నడచిన ఆ దారిననే, అక్క తాను కోరుకొన్న జీవితమును ఒక్కొక్క యడుగున వదలుకొనుచు నడచుచుండెనేమో! రెనాన్ ఈ రెండు సంగతులను వేరువేరుగా చెప్పినాడు. రెంటిని కలిపి చూడలేదు. ఇది దోషమని యనను. అయిదేండ్ల పిల్లవాని జ్ఞాపకము నిజముగా నుండవలెనన్నచో అట్లే యుండును. అయితే వ్రాయునాడు అతనికి అయిదేండ్లు కావు గదా.

ఈ పుస్తకమంతటికిని ప్రాణమనదగిన ఘట్టము మరొకటి కలదు. అది నాలుగు పంక్తులకు మించదు. ఒకనాడు పిల్లవాడు తన చొక్కాయి చిరుగును ఎవరికిని కనబడకుండ బెదురుబెదురుగా దాచుకొనుచుండగా అక్క చూచినది, ఏడ్చినది. ఇట్టి పిల్లవానికి బీదరికమే గతి యగునాయని ఆమె గుండె కలుక్కుమన్నది. తండ్రి తెచ్చిపెట్టిన దుఃస్థితిని తానొక్కతెయే తీర్చవలెనని ఆనాడు నిశ్చయించుకొన్నదట. ఇచ్చట చూపు తిరుగబడినది. అంతవరకు తమ్ముడు చూచుచుండెను. ఇప్పుడు అక్క చూచుచున్నది. కావుననే ఈ నాలుగు పంక్తులలో ఆమె మనకు మొదటిసారి మనుష్యురాలుగా కనబడును. ఆమె చేసినది 'త్యాగము' అని లోకమనును. త్యాగమనిన మాటలో ఏదో తనంతట జారిపోయినట్లు వినబడును. ఆమె చేసినది నిర్ణయము. పదునెనిమిది, పందొమ్మిదేండ్ల పిల్ల లెక్క వేసికొని, బరువెంతో తెలిసికొని, ఎత్తుకొన్నది.

తరువాతి కథ వేగముగా నడచును. స్వగ్రామములో బాలికలకు చదువు చెప్పి బ్రదుకజూచెను, సాగలేదు. ఒక సంపన్నుడు ఆమెను పెండ్లాడ గోరెను. ఆమెకును ఇష్టము లేకపోలేదు. కాని పెండ్లియైన పిమ్మట పుట్టింటి బరువు మోయరాదను సూచన వినబడినంతనే నిరాకరించెను. 1835 లో ఒంటరిగా పారిసు పోయి ఒక బాలికా పాఠశాలలో క్రింది ఉపాధ్యాయిని పని కుదుర్చుకొనెను. 1838 లో తమ్మునికి పారిసులోని క్రైస్తవ గురుకులములో ఉచితవిద్య లభించుటకు కారకురాలయ్యెను. 1841 లో, జీతము హెచ్చుగా నుండునని, పోలండులో ఒక ప్రభువు బిడ్డలకు చదువు చెప్పుటకు పదియేండ్ల యొడంబడికతో వెడలిపోయెను. గురుకులపు ముందుగదిలో తమ్మునికడ సెలవు తీసికొన్నప్పుడు ఆమె ముఖమున ఇంకను యౌవనపు సొంపు కలదు. 1850 లో తమ్ముడు బెర్లినునకు ఎదురేగి ఆమెను తీసికొనివచ్చెను. అప్పటికి ఆమె వయసు నలువదికి లోపే. నుదుట ముదిమి ముడుతలు పడినవి. ఆ తొలి సొంపులో మిగిలినది ముఖమునందలి మంచితనము మాత్రమే యని రెనాన్ వ్రాసినాడు. తండ్రి యప్పులు తీరినవి. తమ్ముడు పండితుడైనాడు. ఈ రెండు ముఖముల నడుమ పదియేండ్లను అతడు చూడలేదు. చూడనివాడు గావున ఆ కాలమును పైపైన తడవి ముందునకు సాగినాడు. అక్క యౌవనమంతయు ఆ సందుననే పోయినది.

ఆ లోటును పూరించుటకు వేరొక పుస్తకము మనకు దొరకినది. 1842 మొదలు 1845 వరకు ఆ యక్కాతమ్ములు వ్రాసికొన్న జాబులు 1896 లో వెలువడినవి. స్మృతిగ్రంథమును చదివినవారు ఆ జాబులను తప్పక చదువవలెను. స్మృతిలో వెచ్చదనముగా కనబడినది జాబులలో బుద్ధిగా కనబడును. తమ్ముడు మతాచార్యుడగుటకు చదువుచుండెను. అతని నమ్మకము సడలుచుండెను. అక్క అప్పటికే తన చదువువలన, తన యాలోచనవలన, ఆ సందేహములను దాటినది. ఈ మాటను రెనాన్ స్వయముగా ఒప్పుకొన్నాడు. అయినను ఆమె అతనిని తన దారికి లాగలేదు. నిశ్చయము కుదురువరకు వెనుకకు మరలరాని ప్రమాణములతో కట్టుపడవద్దనియు, వేరొక వృత్తికి దారి చూచుకొనుమనియు చెప్పెను. చెప్పి యూరకుండలేదు; తాను కూడబెట్టిన 1200 ఫ్రాంకులను పంపెను. 1845 అక్టోబరు 6 వ తేదీన రెనాన్ గురుకులమును విడిచి వెలుపలికి వచ్చెను. మనస్సాక్షికై భవిష్యత్తును వదలుకొన్న ఆ యువకుని ధైర్యమును చరిత్రకారులు కొనియాడిరి. కొనియాడదగినదే. కాని ఆ ధైర్యమునకు మూలధనము పెట్టినది పరదేశమున పరుల బిడ్డలకు అక్షరాలు దిద్దించుచుండిన యక్క. సంస్కర్తల చరిత్రలు వ్రాయువారు ఇట్టి పద్దులను తరచుగా మరతురు.

పారిసులో కలిసి కాపురమున్న కాలమున ఆమె చేసిన పని గూడ ఇట్టిదే. తమ్ముని వ్రాతప్రతులను ఆమె చదివి, నకలు వ్రాసి, శైలిని దిద్దెడిది. ఎత్తిపొడుపు మాటలు ఆమెకు గిట్టవు. అతడు క్రమముగా వానిని మానుకొనెను. పదునాలుగవ శతాబ్దపు కళలను గూర్చి అతడు వ్రాసిన దానికి పరిశోధనలో చాలభాగము ఆమెదే. ఇదంతయు రెనాన్ దాచలేదు, కృతజ్ఞతతో చెప్పినాడు. గ్రంథములమీద మాత్రము ఆమె పేరు లేదు. ఆమెయే కీర్తిని కోరలేదని అతడనును. కోరకపోవుట నిజమే కావచ్చును. కాని కోరవలసిన యవసరమును ఎవరైన ఆమెకు కలిగించిరా యను ప్రశ్న అతనికి తట్టలేదు. ఇచ్చట మన భండారు అచ్చమాంబ జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆమె కొమఱ్ఱాజు లక్ష్మణరావునకు అక్క. ముప్పదియేండ్ల వయసుననే, 1905 లో, గతించినను, 1901 లో ప్రకటించిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల'యు, 'ధనత్రయోదశి' మున్నగు కథలును ఆమెవిగా మనకు నిలిచినవి. ఆమె నెరుగుటకు మనము తమ్ముని కీర్తిలోనుండి తొంగిచూడ నక్కరలేదు. హెన్రియెటునకు ఆ భాగ్యము లేకపోయినది.

శైలి మాట వచ్చినది గావున ఒక లోపమును చెప్పవలెను. ఈ పుస్తకమున పొగడ్త మాటలు అధికము. పవిత్రత, సుకుమారత, ఔన్నత్యము — ఇవి వరుసగా వచ్చి పడుటచే అక్కడక్కడ హెన్రియెట్ గుడిలోని ప్రతిమవలె నగుచున్నది. అక్క బ్రదికియుండినచో ఆ మాటలలో సగము కొట్టివేసియుండెడిది. ఆమె చేయి పడని పుస్తకమిది. ఆ లేమి స్పష్టముగా తెలియుచున్నది.

అయితే ఇట్టి పొగడ్తల నడుమ రెనాన్ నిక్కముగా ధైర్యము చూపిన తావొకటి కలదు. అది అతని పెండ్లి ఘట్టము. పెండ్లి చేసికొనుమని మొదట పలుమారులు ప్రోత్సహించినది అక్కయే. కాని చిత్రకారుల కుటుంబమునకు చెందిన కోర్నెలీ షెఫెర్ అను కన్యను అతడు ప్రేమించినాడని తెలిసినపుడు ఆమె తట్టుకొనలేకపోయెను. ఇంట దినముల తరబడి దుఃఖము. అక్క బాధ చూడలేక అతడు ఆ కన్యతో ఇక తనకు పొత్తు లేదని చెప్పి వచ్చెను. ఆ మాట వినగానే అక్క మనసు మారినది. మరునాడే ఆమె ఆ కన్య యింటికి పరుగెత్తి సంగతి చక్కబరచెను. 1856 లో వివాహము జరిగినది. పుట్టిన బిడ్డను ఆమె తన బిడ్డవలె పెంచినది. వేరొకడు వ్రాసియుండినచో ఈ అసూయను మరుగుపరచి, ఆశీర్వాదమును మాత్రము చెప్పియుండును. మన స్మారకవ్యాసములలో అట్లే జరుగును. రెనాన్ చెప్పుటవలన ఆమె గౌరవము తగ్గలేదు; పెరిగినది. జీవితమంతయు ఇచ్చినవారికి తిరిగి కావలసినదొకటి యుండునని, అది దొరకనపుడు వారికి నొప్పి పుట్టునని ఈ ఘట్టమొక్కటి మనకు చూపుచున్నది. ఇట్టి పుటలు మరి రెండుండినచో పుస్తకము ఇంకను గొప్పదయ్యెడిది.

1860 లో ప్రాచీన ఫినీషియా శిథిలములను పరిశోధించుటకు ప్రభుత్వము రెనానును సిరియా తీరమునకు పంపెను. అక్కయు తోడు పోయెను. లెక్కలు చూచుట, ప్రయాణపు ఏర్పాట్లు ఆమె పని. 'యేసు జీవితము' ఆ కొండలలోనే మొదలైనది. అతడు వ్రాసిన పుటలను ఆమె నకలు తీయుచుండెను. 1861 సెప్టెంబరులో అంషీత్ అను గ్రామమున ఇద్దరిని ఒకేసారి విషజ్వరము పట్టుకొన్నది. ఇరువురును స్మృతి తప్పిరి. 24 వ తేదీ తెల్లవారుజామున ఆమె ప్రాణము విడిచెను. తమ్మునికి తెలియలేదు. ఆ యూరి క్రైస్తవ కుటుంబమొకటి తమ సమాధిగృహమున ఆమెకు చోటిచ్చెను. అక్కను సాగనంపుటకు తమ్ముడు లేవలేకపోయెను.

ఆమె బాల్యమును చూడని తమ్ముడు ఆమె చివరి ఘడియను గూడ చూడలేదు. ఆ పిమ్మట ఒక్క యేడు తిరుగక మునుపే అతడు ఈ పుస్తకమును వ్రాసెను. 1892 లో మరణించినపుడు రెనానును పారిసులోని మోంమార్త్రు శ్మశానమున నుంచిరి. హెన్రియెట్ అంషీతులోనే యున్నది.