డార్విన్ వానపాములు - దక్కను ఎర్రనేల

చార్లెస్ డార్విన్ తన మరణానికి కొద్ది నెలల ముందు, 1881లో, వానపాముల వల్ల పైమన్ను ఏర్పడే తీరును గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. నేల పైపొర ప్రాణుల శ్రమఫలమని ఆయన కొలతలతో నిరూపించాడు. ఇంగ్లండులో పలుచోట్ల ఏటా ఎకరాకు 10 టన్నులకు పైగా మట్టి వానపాముల శరీరాల గుండా పైకి వస్తున్నదని లెక్కకట్టాడు. పచ్చికపై చల్లిన సున్నం కొన్నేళ్లకు అంగుళాల లోతున కనబడడానికి కారణం ఇదే. చిన్న ప్రాణి చేసే పెద్దపనిని ఇంత ఓపికతో చూపిన పుస్తకాలు అరుదు.

అయితే ఆయన ఆధారాలలో అధికభాగం తడి పచ్చికబయళ్లవి. దక్కనులో చదివే వారికి అవి చాలవు. సికింద్రాబాదు పరిసరాలలో పునాదికి తవ్విన గోతి గోడను పరిశీలించండి. పైన పలుచని ఎర్రమన్ను, దానికింద బంకపాలు హెచ్చిన ముదురెరుపు పొర, ఆపైన మొరం, అడుగున గ్రానైటు రాయి సాధారణంగా కనిపిస్తాయి. వాననీరు పైపొరలోని సన్నని బంకరేణువులను కిందికి దించుతుంది. రెండవపొర వాటిని, వాటితో తేమను పట్టి ఉంచుతుంది. వాన వెలిసిన తరువాత జొన్నపైరుకు ఆ తేమే ఆధారం.

ఎండలు ముదిరితే పైమన్ను ఆరిపోయి వానపాముల పని సన్నగిల్లుతుంది. చెదపురుగులు మాత్రం అడుగు బంకమన్నును మోసి పుట్టలు కడతాయి, ఎండుటాకును, చొప్పను మట్టిపాలు చేస్తాయి. వాటిలో పంటకు కీడుచేసే జాతులున్న మాట నిజమే. అంతమాత్రాన వానపామును రైతునేస్తమనీ, చెదపురుగును శత్రువనీ పాఠం చెప్పి ముగించడం న్యాయం కాదు.

1972లో పటాన్‌చెరులో స్థాపించిన ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేలతోపాటు నల్లరేగడి కూడా ఉన్నది. రేగడి వేసవిలో బీటలువారుతుంది, పైమన్ను ఆ బీటలలో పడుతుంది, తొలకరికి నేల ఉబ్బి మూసుకుంటుంది. ఇక్కడ నేల తన్ను తానే కలుపుకుంటున్నది. దీనికి డార్విన్ సూత్రం ఒక్కటే చాలదు.

కనుక ఆయన గ్రంథం నుండి మనం గ్రహించవలసినది ఆ పద్ధతి: తన కాళ్లకింది నేలను తానే కొలిచి చూడడం. అట్లా చూసినవారు ఇల్లు కట్టేటప్పుడు పైమన్నును మొరంతో కలిపి లారీకెత్తించరు. దానిని వేరుగా పోసి పెరటికి దాచుకుంటారు. చెదిరిన పొరల వరుస మనిషి ఆయుష్షులో మళ్లీ ఏర్పడదు.