ముందు బూటు, ఆ తర్వాతే బోర్డు

చలికాలం మొదలైందంటే సియాటెల్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో స్నోబోర్డింగ్ కబుర్లే. కారెక్కితే గంటలో స్నోక్వాల్మీ పాస్. కొత్తగా నేర్చుకుందామనుకునే ప్రతివారూ నన్ను అడిగే మొదటి మాట ఒకటే: "ఎంత పొడుగు బోర్డు తీసుకోమంటారండీ?"

ముందు మీ బరువెంతో చెప్పమంటాను. బోర్డు నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య రావాలని అందరూ చెప్పుకునే లెక్క ఉజ్జాయింపుకే పనికొస్తుంది. మంచు మీద బోర్డును వంచి మలుపు తిప్పేది మన బరువే. అందుకే కంపెనీలు ఒక్కో సైజుకీ ఇన్ని కిలోల నుంచి ఇన్ని కిలోల దాకా అని చెబుతాయి. డెబ్బై కిలోల మగవాళ్లకి సుమారు 153 నుంచి 157 సెంటీమీటర్లు సరిపోతుంది. కొత్తవాళ్లు అందులో పొట్టిదే, అదీ మెత్తగా వంగేదే తీసుకోవాలి. చెప్పినట్టు తిరుగుతుంది. పాదం పెద్దదైతే వెడల్పు బోర్డు అడగండి. లేదంటే మలుపులో బూటు కొన మంచును గీరి పడేస్తుంది.

అయితే నేను ఎక్కువ పట్టుబట్టేది బూట్ల దగ్గర. స్కూలు బూట్లు ఒక సైజు పెద్దవి కొనే అలవాటు మనది. ఇక్కడ అది పనికిరాదు. పల్చటి ఉన్ని సాక్స్ ఒక్క జతే వేసుకుని, మడమ నేలకు తట్టి వెనక్కి సర్దుకుని, లేసులు బిగించి నిలబడండి. బొటనవేలు ముందుభాగానికి కాస్త తగలాలి. మోకాళ్లు వంచగానే కొద్దిగా వెనక్కి జరగాలి. మునివేళ్ల మీద లేచినప్పుడు మడమ లోపల పైకి లేవకూడదు. లేచిందంటే మీరు కాలు కదిపినా ఆ కదలిక బోర్డుకు అందదు.

కాబట్టి డబ్బు పరిమితంగా ఉంటే బూట్లు కొనుక్కోండి, బోర్డు అద్దెకు తెచ్చుకోండి. ఎందరో తొడిగిన అద్దె బూట్లు వదులైపోయి ఉంటాయి. ఎదిగే పిల్లలకైతే సీజనంతటికీ అన్నీ అద్దెకు తీసుకోవడమే మేలు.

హెల్మెట్ ఎవరూ మర్చిపోరు. మణికట్టుకు కట్టుకునే రిస్ట్ గార్డులనే పట్టించుకోరు. పాదాలు రెండూ బోర్డుకు బిగించి ఉంటాయి కనుక పడేటప్పుడు చేతులే ముందు ఆనుతాయి. కొత్తవాళ్లకి ఎక్కువగా విరిగేది మణికట్టే. కీబోర్డు మీద బతికే మనవాళ్లకి ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. ఇక జీన్స్ వద్దే వద్దు. ఇక్కడి మంచు తడిమంచు, ఒక్కోసారి వానా తోడవుతుంది. నీళ్లు దిగని ప్యాంటు, చేతులకు మిట్టెన్లు ఉండాల్సిందే.

ఈ శనివారం షాపుకు వెళ్తే రంగురంగుల బోర్డుల దగ్గర ఆగకండి. నేరుగా బూట్ల వైపు వెళ్లి, నాలుగు జతలు తొడిగి చూడండి. ఒక్కో జతతో పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. అక్కడ ఓపిక పడితే కొండమీద మీ ధ్యాసంతా నేర్చుకోవడం మీదే ఉంటుంది.